గింజను చూసి మరను కొనాలి: తిరగలి నుంచి రోలర్ మిల్లు దాకా

జొన్న మొలకల పిండి గురించి ఈ మధ్య నేను పెట్టిన పోస్టు కింద రకరకాల ప్రశ్నలొచ్చాయి. అందులో రెండింటికి ఇవాళ జవాబు చెప్తా. ఒకటి అమెరికాలో ఉంటున్న మన పల్నాడు తమ్ముడొకాయన అడిగింది. అక్కడ ఆయన ఇంట్లో బీరు కాచుకుంటాడట, బార్లీ నలపడానికి చిన్న మర కొనాలట. ఏది కొనాలి, కొన్నాక దాన్ని ఎట్లా బాగుచేసుకోవాలి అని. రెండోది నరసరావుపేట నుంచి ఒక అమ్మ అడిగింది. రాగి మాల్టు, జొన్న మాల్టు ఇంట్లోనే ఆడించుకోవాలంటే ఏ మర మంచిదని. ఇద్దరి ప్రశ్నా ఒకటే, ఇద్దరికీ జవాబు మాత్రం ఒకటి కాదు. అది ఎందుకో తెలియాలంటే మర చరిత్ర కొంచెం తెలియాలి. పోస్టు పొడుగే, తీరిగ్గా చదువుకోండి.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన రాష్ట్రంలో ఇంట్లో బీరైనా సారా అయినా కాచడం నేరం. 1968 నాటి ఎక్సైజు చట్టం ఇప్పటికీ ఉంది, లైసెన్సు లేకుండా ఏది కాచినా కేసే. పైగా ఇది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్లు మూయించిన రాష్ట్రం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం పెట్టిన రాష్ట్రం. సారా వల్ల గూడు చెదిరిన ఇళ్ళు మా మండలంలోనూ ఉన్నాయి. కాబట్టి ఇక్కడ ఎవరూ ఈ పోస్టు చూసి కుండ పొయ్యి మీద పెట్టొద్దు. అమెరికా సంగతి వేరు. అక్కడ 1978లో కార్టరు సంతకం పెట్టిన చట్టంతో ఇంట్లో బీరు కాచుకోవడానికి కేంద్రం ఒప్పుకుంది. ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి 200 గ్యాలన్లు, అదీ అమ్ముకోకుండా. అక్కడ కూడా అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది, చివర్లో ఒప్పుకున్నవి మిసిసిపీ, అలబామా. ఆ తమ్ముడు చేసేది అక్కడి చట్టంలో ఉన్న పనే. ఆయన బీరు రుచి గురించి నేనేం చెప్పలేను, మర గురించి చెప్పగలను.

బీరు కాచేవాడికి మర ఎందుకు? బార్లీని నానబెట్టి, మొలక రానిచ్చి, ఎండబెడతారు. అదే మాల్టు. మనం రాగులు మొలకకట్టి ఎండబెట్టినట్టే. మొలక వచ్చే గింజలో పిండిని చక్కెరగా మార్చే శక్తి పుడుతుంది. ఆ గింజను నలిపి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి తీపి నీళ్ళుగా మారుతుంది. ఆ తీపి నీళ్ళను వడకట్టి తీసుకోవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. వడకట్టడానికి వాళ్ళు గుడ్డ వాడరు. బార్లీ పొట్టే కుండ అడుగున పరుపులా పేరుకుని జల్లెడ పని చేస్తుంది. అంటే మరలో పొట్టు చీలాలి గాని పొడి కాకూడదు, లోపలి గింజ మాత్రం నూక కావాలి. మెత్తగా పిండి చేశారనుకోండి, నీళ్ళు పోశాక గడ్డకట్టిన జావలా తయారై చుక్క కూడా కిందికి దిగదు. మరీ బరకగా వదిలారనుకోండి, నలగని గింజల్లో ఉన్న తీపంతా చెత్తకుప్ప పాలు.

ఈ మాట వినగానే మన ఆడవాళ్ళకు ఏం గుర్తొస్తుంది? కందిపప్పు. కందులు విసిరేటప్పుడు కావలసింది అదే కదా, పొట్టు ఊడాలి, గింజ రెండు బద్దలవ్వాలి, పిండి మాత్రం కాకూడదు. మా అమ్మ కందులకు కాస్త నూనె, నీళ్ళు పట్టించి, ఎండలో పోసి, మళ్ళీ నీడకు తీసి, అప్పుడు తిరగలిలో పోసేది. అదే తిరగలిలో జొన్నపిండి విసిరేటప్పుడు పైరాయి పూర్తిగా దిగి ఉండేది. పప్పుకైతే మధ్యన సీల చుట్టూ గుడ్డపేలిక చుట్ట పెట్టి పైరాయిని అంత ఎత్తున లేపేది. ఆ 'అంత' అనేది ఎంతో కొలిచిన వాళ్ళు లేరు. గుప్పెడు గింజలు పోసి తిప్పి, కిందపడ్డది అరచేతిలోకి తీసుకుని చూసి, పేలిక ఇంకో చుట్టు చుట్టడమో ఒక చుట్టు తీయడమో. అమెరికాలో వాడు గేజి పెట్టి చేసేదీ ఇదే పని. రెండు రాళ్ళ మధ్య సందు ఎంత, గింజలో తేమ ఎంత, ఈ రెండే లెక్కలు. మిగతాదంతా ఇనుము, మోటారు.

ఇక చరిత్రలోకి వద్దాం. తిరగలి కంటే ముందున్నది రుబ్బుడు రాయి, అంటే పరుపుబండ మీద గింజలు పోసి ఇంకో రాయితో ముందుకీ వెనక్కీ రాయడం. బళ్ళారి పక్కన సంగనకల్లు కొండల దగ్గర కొత్తరాతి యుగపు ఊళ్ళు తవ్వారు. అక్కడ బండల మీద గింజలు రాసి రాసి నున్నగా పల్లంగా అరిగిన గుర్తులు ఈనాటికీ ఉన్నాయి. ఆ ఊళ్ళలో దొరికిన మాడిపోయిన గింజలు ఏంటో తెలుసా? ఉలవలు, పెసలు, అండుకొర్రలాంటి చిరుధాన్యాలు. అంటే సుమారు 4000 ఏళ్ళ కింద ఈ నల్లరేగడి, ఎర్రచెల్క నేలల మీద బతికినవాడు ఏం తిన్నాడో అవే మా తాతలూ తిన్నారు. జొన్న మాత్రం మనది కాదండి. అది ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ళ కిందటే మన దేశానికి వచ్చింది. వచ్చి పల్నాటినే సొంతం చేసుకుంది. శ్రీనాథుడు పల్నాటికి వచ్చి ఇక్కడ జొన్న తప్ప తిండి లేదని విసుక్కున్నట్టు చాటుపద్యాలు చెప్తారు. రాజుల విందులు తిన్న కవి, సన్నన్నం దొరక్క చిరాకు పడ్డాడు. మావాళ్ళకు కోపం రాలేదు, ఆ పద్యాల్నే నవ్వుతూ చెప్పుకుంటారు.

జొన్న తినడమంటే ఒక రోజు పని కాదు, రోజూ పని. జొన్నల మీద కాసిన్ని నీళ్ళు చల్లి, తడిపొడిగా అయ్యాక రోట్లో కుందెన పెట్టి దంచేవాళ్ళు. తేమకు పైపొర మెత్తబడి ఊడేది, లోపల గింజ గట్టిగా నిలిచేది. చేటలో చెరిగి ఆ పొర తీసేసి, అప్పుడు తిరగలికి ఎత్తేవాళ్ళు. నూక ఒకవైపు, పిండి ఒకవైపు. నూక అన్నానికో సంగటికో, పిండి రొట్టెకో అంబలికో. ఈ 'తడిపొడి' మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

రాయి సంగతి కూడా చెప్పాలి. పల్నాడంటే అందరికీ నాపరాయి గుర్తొస్తుంది. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు భూమిలో పొరలు పొరలుగా ఉండేది సున్నపురాయి జాతి. గోడకు బాగుంటుంది, అరుగుకు బాగుంటుంది, తిరగలికి పనికిరాదు. మెత్తన కాబట్టి తొందరగా అరిగి, ఆ పొడి పిండిలో కలుస్తుంది. తిరగలికి గట్టి నల్లరాయి కావాలి. అది కూడా కొన్నాళ్ళకు నున్నబడుతుంది. నున్నబడిన రాయి గింజను కొయ్యదు, వేడెక్కించి నలుపుతుంది. అప్పుడు కక్కు కొట్టించాలి. వడ్డెరవాళ్ళు ఉలీ సుత్తీ పట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు. తిరగలి పైరాయిని బోర్లించి, గంటసేపు టకటకలాడించి గంట్లు పెట్టి, శేరు గింజలో రూపాయో తీసుకుని పోయేవాళ్ళు. గంటు ఎంత లోతు, ఎంత దూరం అన్నది వాళ్ళ చేతికి తెలుసు. అమెరికా తమ్ముడు కొనబోయే ఇనప రోలర్ల మీద కూడా సన్న గళ్ళు కోసి ఉంటాయి. అవి గింజను పట్టి లోపలికి లాగడానికి. అవీ ఒక రకం కక్కులే.

తిరగలి గురించి కన్నీళ్ళు పెట్టుకుని రాసే పోస్టులు ఈ మధ్య ఎక్కువయ్యాయి. నాకు అంత మోజు లేదు. తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు బాగుంటాయి, ఒప్పుకుంటా. కానీ తెల్లవారుజామున కోడి కూయకముందు లేచి, ఇంటిల్లిపాదికీ కావలసిన గింజలు విసిరి, తర్వాత పొలం పనికి పోయిన ఆడమనిషి భుజాలను అడిగి చూడండి. పాట పాడింది సరదాకి కాదు, నిద్ర ఆపుకోవడానికి. ఊళ్ళోకి ఆయిలింజను పిండిమర వచ్చిన రోజు మా అమ్మమ్మల కాలపు ఆడవాళ్ళకు పండగే.

మర మన దేశానికి వచ్చిన కథలో మొదటి పాత్ర వడ్లమర. ఎంగెల్‌బర్గ్ అనే ఆయన బ్రెజిల్లో కాఫీగింజల పొట్టు తీయడానికి ఒక యంత్రం కట్టాడు, 1885 నాటి సంగతి. ఆ హల్లరే తర్వాత అమెరికాలో తయారై ప్రపంచమంతా వడ్లు ఆడింది. మన డెల్టాలోనూ అదే తిరిగింది. దాంతో దంపుడు బియ్యం తగ్గిపోయి, దంచి బతికే ఆడవాళ్ళ కూలి పోయింది. గాంధీ గారు 1934లో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించి, కుమారప్పకు అప్పగించినప్పుడు వాళ్ళు చెప్పిన మొదటి మాటల్లో దంపుడు బియ్యం, తిరగలి పిండి ఉన్నాయి. బలం పోతుంది, పల్లెలో పనీ పోతుంది అని. స్వాతంత్ర్యం వచ్చాక 1958లో బియ్యం మిల్లులకు లైసెన్సులు పెడుతూ కేంద్రం చట్టం చేసింది, చేతిదంపుడు కూడా బతకాలనే ఉద్దేశం అందులో ఉంది. బతకలేదు. చట్టం చేసి ఆడవాళ్ళ భుజాల మీద మళ్ళీ రోకలి పెట్టడం కుదరదు. కుమారప్ప గారి మాటలో నిజం ఉంది, ఆ నిజానికి భుజం ఎవరిదన్న లెక్క మాత్రం తక్కువ పడింది అని నా అభిప్రాయం.

మా వైపు జొన్నను దెబ్బకొట్టింది మర కాదు, కాలువా, చౌకబియ్యమూ. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ నీళ్ళు పారిన చోటల్లా వరి, ఆ తర్వాత పత్తి, మిరప. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లో కూడా సన్నన్నం ఉడికింది. శ్రీనాథుడు ఇప్పుడొస్తే ఏ ఫిర్యాదూ ఉండదు. నేనేం బాధపడటం లేదు, బువ్వ తిన్నవాణ్ణే. కానీ జరిగింది ఏంటంటే, జొన్న ఇంట్లోంచి పోయాక దాన్ని తడిపొడి చేసి దంచే లెక్క, పేలిక చుట్టి రాయి లేపే లెక్క కూడా దాంతోటే పోయాయి. తిరగళ్ళు చాలా ఇళ్ళలో బావి దగ్గర కాళ్ళు కడుక్కునే రాళ్ళయ్యాయి. ఇప్పుడు మళ్ళీ మిల్లెట్లు అంటూ పట్నంవాళ్ళు అడుగుతుంటే, వెయ్యేళ్ళు జొన్న తిన్న పల్నాటివాళ్ళం యూట్యూబులో చూసి నేర్చుకుంటున్నాం. నాకు గుచ్చుకునేది ఇదే.

సరే, రోలర్ సంగతి. రాతి మర ఒకేసారి గింజను పిండి చేస్తుంది. హంగరీలో గోధుమ గట్టి రకం, రాయికింద వేస్తే పొట్టు కూడా పొడై పిండి నల్లబడేది. వాళ్ళు ఇనప రోలర్ల మధ్య కొద్దికొద్దిగా, నాలుగైదు సార్లుగా నలిపే పద్ధతి పట్టారు. బుడాపెస్టులో గాంజ్ ఫ్యాక్టరీ ఇంజనీరు ఆండ్రాష్ మెక్వార్ట్ 1874లో గట్టి పోత ఇనుముతో రోలర్లు చేసి దాన్ని బాగా నిలబెట్టాడు. ఇంకోవైపు అమెరికాలో, 1878 మే 2న మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ మిల్లు పిండి దుమ్ముకు నిప్పంటుకుని పేలిపోయింది, 18 మంది చనిపోయారు. పిండి పేలుతుందా అని అనుకోకండి. గాలిలో తేలే ఏ ధాన్యపు దుమ్మయినా నిప్పురవ్వ తగిలితే బాంబే. ఆ తర్వాత కట్టిన మిల్లుల్లో రోలర్లు, దుమ్ము లాగే ఏర్పాట్లు వచ్చాయి. ఇంట్లో చిన్న మర పెట్టుకునేవాళ్ళు కూడా గ్యాసు పొయ్యి ఉన్న గదిలో మాల్టు ఆడొద్దు. ఆ దుమ్ము కాచిన రసంలో పడితే పులుపెక్కుతుంది కూడా, అందుకే ఆడేచోటు ఒకటి, కాచేచోటు ఒకటి ఉండాలి.

పొట్టు నలగకుండా గింజను చిదిమే ఈ రోలరే బార్లీవాళ్ళకు సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తా.

అక్కడ ఇళ్ళలో రెండు రకాల మరలు కనిపిస్తాయి. ఒకటి చేత్తో తిప్పే పళ్ళెం మర, కరోనా అని పేరు. ఆ రోగానికీ దీనికీ ఏ సంబంధం లేదు. కొలంబియా దేశంలో మొక్కజొన్న రుబ్బడానికి చేసింది. రెండు గంట్ల పళ్ళేలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి తిరుగుతాయి, అంటే నిలబెట్టిన తిరగలి అనుకోండి. చవక. లోపం ఏంటంటే పళ్ళెం ఊగుతుంది. ఊగినప్పుడు ఒకవైపు సందు పెరిగి గింజ అట్లాగే జారిపోతుంది, ఇంకోవైపు తగ్గి పిండి అవుతుంది. దీన్ని బాగుచేయడం కష్టం కాదు. సందు బిగించే మరకు ఇంకో నట్టు వేసి తాళం వేయండి, తిరిగేటప్పుడు వదులు కాకుండా ఉంటుంది. ఇరుసు దగ్గర ఆట ఉంటే వాషర్లు వేసి తీసేయండి. మన మోటారు బేరింగు కొట్టుకుంటే చేసే వైద్యమే. ఏడాదికి నాలుగైదు సార్లు కాచుకునేవాడికి ఈ మర చాలు, ఎక్కువ డబ్బు పోయొద్దు.

రెండోది రెండు రోలర్ల మర. తరచుగా కాచేవాడు ఇది కొనాలి. కొనేటప్పుడు చూడాల్సింది మెరుపు కాదు. సందు మార్చుకునే వీలు ఉందా లేదా అన్నది మొదటిది. సందు కదలని మర చవకగా వస్తుంది గాని, గోధుమ మాల్టు సన్నగింజ వేసిన రోజు ఏడుస్తారు. రెండోది, రోలరు లావుగా ఉందా. సన్న రోలరు గింజను పట్టలేదు, పైన గింజ జారుతూ ఆడుతుంటుంది. మూడోది, రోలరు మీద గళ్ళు పదునుగా ఉన్నాయా. సందు మాత్రం సుమారు ఒక మిల్లీమీటరు దగ్గర మొదలుపెట్టండి. బార్లీ గింజ మందం రెండున్నర, మూడు మిల్లీమీటర్లుంటుంది, ఒక మిల్లీమీటరు సందులో చిదికి పోతుంది, పొట్టు మిగులుతుంది. కొలవడానికి వేరే పరికరం కొనక్కర్లేదు. ఆయిలింజను ట్యాపెట్లు సరిచేయడానికి మన మెకానిక్ దగ్గర ఆకుల్లాగా మడిచి ఉండే ఫీలర్ గేజి ఉంటుందే, అదే. రోలరు రెండు కొసల్లోనూ పెట్టి చూడాలి. ఒక కొసన వదులు, ఒక కొసన బిగువు ఉంటే సగం గింజ వృథా.

కొన్న మరను మెరుగు చేసేది ముఖ్యంగా మూడు చోట్ల. ఒకటి వేగం. చాలామంది డ్రిల్లు మిషను తగిలించి గిర్రున తిప్పుతారు. వేగం పెరిగేకొద్దీ పొట్టు చిరిగిపోతుంది. నిమిషానికి 150, 200 చుట్లు చాలు. పుల్లీ పెద్దది వేసి తగ్గించడం మనకు తెలియని పనా? రెండు, పైన గింజలు పోసే డబ్బా. చాలా మరలకు చిన్న గరాటు ఇస్తారు. దాని మీద పలచటి రేకుతోనో చెక్కతోనో పెద్దది కట్టుకోండి, నోటి దగ్గర ఒక అయస్కాంతం పెట్టండి. గింజల్లో మేకు, తీగముక్క వస్తే రోలరు గళ్ళు పోతాయి, మళ్ళీ కక్కు కొట్టే వడ్డెరాయన అక్కడ దొరకడు. మూడోదే అసలైనది, తడిపొడి. ఐదు కిలోల మాల్టుకు వంద మిల్లీలీటర్ల నీళ్ళు సన్నగా చిలకరించి, చేత్తో కలిపి, పది పదిహేను నిమిషాలు ఆగండి. పొట్టు తోలులా మెత్తబడుతుంది, లోపల గింజ పెళుసుగానే ఉంటుంది. అప్పుడు ఆడితే పొట్టు దొన్నెల్లాగా విడిపోతుంది. పెద్ద బ్రూవరీల్లో దీనికి ఆవిరి పెట్టే యంత్రాలున్నాయి. మన అమ్మమ్మలు జొన్నల మీద చిలకరించిన నీళ్ళే ఇవి, కాకపోతే వాళ్ళు పొర పారేయడానికి తడిపారు, వీళ్ళు పొట్టు దాచుకోవడానికి తడుపుతారు. ఎక్కువ తడిపితే రోలరుకు అంటుకుపోయి తుప్పు పడుతుంది. పని అయ్యాక పొడి బ్రష్షుతో దులపండి, నీళ్ళతో కడగొద్దు.

ఆడాక గుప్పెడు తీసి తెల్లకాగితం మీద పోసి చూడండి. నిండు గింజ ఒక్కటీ ఉండకూడదు. పొట్టు ముక్కలు పెద్దవిగా ఉండాలి. పిండి ఉంటుంది గాని కొంచెమే. అంతే పరీక్ష. గేజి ఎంత చూపించినా చివరి మాట ఈ గుప్పెడిదే.

ఇప్పటిదాకా చెప్పింది పొట్టున్న బార్లీ లెక్క. ఇక్కడ ఒక మలుపు ఉంది. ఆ తమ్ముడు ఇంకో మాట కూడా రాశాడు, మన ఊరి జొన్నతో కూడా బీరు చేసి చూడాలని ఉందని. జొన్నకైతే పైన చెప్పిన రోలరు పెద్దగా పనికిరాదు. ఎందుకంటే జొన్నకు బార్లీలాంటి పొట్టే లేదు. వడకట్టడానికి పరుపు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ చిక్కు ఆఫ్రికావాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. జొన్న పుట్టిన నేల కదా, అక్కడ జొన్నబీరు వేల ఊళ్ళలో ఆడవాళ్ళు కాస్తారు. అది తేటగా ఉండదు, చిక్కగా అంబలిలా ఉంటుంది, వడకట్టడం మీద వాళ్ళకు పట్టింపే లేదు. నైజీరియా ప్రభుత్వం 1988లో బార్లీ దిగుమతి ఆపేసినప్పుడు అక్కడి పెద్ద బ్రూవరీలు రాత్రికి రాత్రి జొన్న, మొక్కజొన్నల మీద పడాల్సి వచ్చింది. జొన్నతో తేట బీరు రావాలంటే దారి ఏంటి? పిండిలా మెత్తగా హ్యామర్ మిల్లులో ఆడి, గుడ్డ పలకల మధ్య ఒత్తి పిండే ఫిల్టరు వాడటం. అంటే బార్లీవాడికి తప్పయిన మెత్తదనమే జొన్నవాడికి ఒప్పు. గింజను చూసి మరను కొనాలి అని నేను శీర్షిక పెట్టింది ఇందుకే.

ఇంట్లో గుడ్డ పలకల ఫిల్టరు ఉండదు కాబట్టి ఇంకో దారి ఉంది, ఊక. మన వడ్లమిల్లు వెనక గుట్టలు పోసి తగలబెట్టే ఊకనే అమెరికాలో కడిగి సంచుల్లో పోసి ఇంటి బీరువాళ్ళకు అమ్ముతారు. పొట్టులేని గింజల్లో దాన్ని కలిపితే నీళ్ళు దిగడానికి దారి ఇస్తుంది. ఇంకో సంగతి, జొన్నలోని పిండి బార్లీ కంటే ఎక్కువ వేడికి గాని ఉడకదు, అందుకని ముందు జావలా కాచి, చల్లార్చి, తర్వాత మాల్టు కలపాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది చెప్పడం మరిచిపోకూడదు. జొన్న మొలకలో విషం ఉంటుంది. రైతులకు దీన్ని వివరించక్కర్లేదు. లేత జొన్నపైరు మేసిన గొడ్డు నురగలు కక్కి పడిపోవడం చూసినవాళ్ళమే, నాము అంటాం. సైనైడు జాతి విషం అది. గింజలో దాదాపు ఉండదు, మొలక, వేరులో పుడుతుంది. కాబట్టి జొన్న మాల్టు చేసేవాళ్ళు, బీరుకైనా పిల్లల జావకైనా, బాగా ఎండాక అరచేతుల మధ్య నలిపి మొలకలూ వేళ్ళూ మొత్తం రాల్చి, చేటలో చెరిగేసి, అప్పుడే మర దగ్గరికి తీసుకుపోవాలి. మొలకతో సహా ఆడించిన జొన్న మాల్టు పిల్లలకు పెట్టొద్దు. రాగిలో ఈ బెడద లేదు. నరసరావుపేట అమ్మకు ఇది ప్రత్యేకంగా చెప్తున్నా.

అసలు మర లేకుండా కాచేవాళ్ళూ ఉన్నారు. సిక్కింలో రాగులను నలపకుండానే ఉడికించి, పులియబెట్టి, వెదురు గ్లాసులో పోసి మీద వేడినీళ్ళు పోసుకుని గొట్టంతో పీలుస్తారు, తోంగ్బా అంటారు. బస్తర్ వైపు ఆదివాసులు చేసే లంద మాత్రం పిండితోనే. మన పల్నాడులో ధాన్యంతో కాచే అలవాటు పెద్దగా లేదు, తాటికల్లు, ఈతకల్లు ఉండగా తినే గింజను ఎవరు పులియబెడతారు? మనవాళ్ళు పులియబెట్టింది అంబలి. రాత్రి కలిపి పొద్దున తాగే ఆ పులుపు మత్తు ఇవ్వదు, ఎండలో నిలబెడుతుంది.

తీపి నీళ్ళ దాకా బీరు పనీ, హార్లిక్స్ పనీ ఒకటేనంటే చాలామంది నమ్మరు. 1873లో అమెరికాలో షికాగోలో హార్లిక్ అన్నదమ్ములు కంపెనీ పెట్టారు. మాల్టు నలిపి, వేడినీళ్ళలో నానబెట్టి, తీపి తీసి, పాలతో కలిపి ఎండబెట్టారు. బీరువాడు అక్కడ పులియబెడతాడు, వీళ్ళు ఎండబెట్టారు. మన రాజమండ్రి దగ్గర కూడా ఆ ఫ్యాక్టరీ ఉంది. జ్వరమొచ్చిన వాళ్ళకు హార్లిక్స్ సీసా పట్టుకుపోయిన మనకు మాల్టు కొత్తేం కాదు, పేరు తెలియదంతే.

ఇక రాగి మాల్టు ఆడించుకునేవాళ్ళకు. మీకు పొట్టు దాచే పని లేదు, మొత్తం పిండే కావాలి. కాబట్టి రోలరు అక్కర్లేదు, ఊళ్ళో పల్వరైజరు చాలు. కాకపోతే మా పల్నాటి మరల్లో ఒక ప్రమాదం ఉంది, కారం. మిరపకాయలు ఆడిన మరలో మీ మాల్టు పోస్తే పిల్లాడు జన్మలో జావ ముట్టడు. కారానికీ పిండికీ వేరువేరు మరలున్న చోటికే పోండి. లేదంటే పొద్దున్నే మొదటి ఆట మీదే అయ్యేట్టు చూసుకుని, ముందు రెండు కిలోల నూకలో తవుడో పోసి కడిగించండి. గింజ పళ్ళ కింద టక్కుమని విరిగేంత ఎండాలి. తేమ ఉంటే జల్లెడకు పట్టుకుని, మర వేడెక్కి, పిండి మాడువాసన వస్తుంది. ఒక్కసారిగా మెత్తటి జల్లెడ వేయించొద్దు. ముందు బరక జల్లెడ, చల్లారాక సన్న జల్లెడ. హంగరీవాడు కనిపెట్టింది అదే, కొద్దికొద్దిగా నలపడం. నెలకు పది కిలోలు దాటని ఇంటికి సొంత మర దండగ. నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే లెక్క కుదురుతుంది.

పాత తిరగలి దొరుకుతుందా అని కూడా కొందరు అడిగారు. దొరుకుతాయి, ఊళ్ళలో అడిగితే ఇస్తారు. కొనేముందు పైరాయి బోర్లించి చేత్తో తడమండి, గరుకు తగలాలి. మధ్య బొక్క గుండ్రంగా ఉందా, ఒకవైపు అరిగి కోడిగుడ్డులా సాగిందా చూడండి. సాగితే రాయి ఊగుతుంది, పప్పు సగం పిండవుతుంది. సిమెంటుతో అతికిన రాయి అసలే వద్దు. కక్కు కొట్టించాక మొదటి రెండు మూడు శేర్ల నూక మనుషులు తినొద్దు, రాతిపొడి ఉంటుంది. కోళ్ళకు వేయండి, వాటికి ఆ రాతిపొడి కూడా పనికొస్తుంది.